దినదినము చనిపోవడమంటే మనసు చంపుకోవడమేనా? పునరుత్థాన నిరీక్షణకూ దానికీ ఉన్న సంబంధం ఏమిటి?

ప్రశ్న: రాంనగర్ విశ్వాసి

సహోదరీ సహోదరులకు ప్రభువు నామమున వందనములు.

గత సంవత్సరం వర్షాకాలంలో మా నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో మాకు కొత్త సమాధికి చోటు దొరకలేదు గనుక, మా తాతగారి సమాధినే మళ్ళీ తెరిపించి, అందులోనే నాన్నగారిని భూస్థాపన చేశాము. ఒకే సమాధిని రెండు మూడు తరాలకు తెరవడం ఈ నగరంలో కొత్త విషయమేమీ కాదని నాకు తెలుసు. తెలిసి ఉండడం వేరు, గోతి అంచున నిలబడి చూడడం వేరు. తవ్వే పెద్దాయన మా తాతగారి ఎముకలను ఒక్కొక్కటిగా ఏరి, తెల్లని గుడ్డలో మూటగట్టి, గోతిలో ఒక మూలన ఉంచి, దాని మీద కాస్త మట్టి కప్పిన తరువాతే నాన్నగారి పెట్టెను దించనిచ్చారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు ఇనుముతో పని చేసిన మనిషి అంత చిన్న మూటలో ఇమిడిపోవడం చూసి నాకు నోట మాట రాలేదు. ఆ క్షణంలో అయ్యగారు "క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును" అని చదివారు. చిన్నప్పటి నుంచి ఎన్నో భూస్థాపనలలో విన్న మాటే అయినా, దానిని నేను నిజంగా విన్నది ఆ రోజే.

ఈ సంవత్సరం ఈస్టరు నాడు తెల్లవారక ముందే మా సంఘమంతా అక్కడికి వెళ్ళాము. సమాధి కడిగి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాము. "ప్రభువు లేచియున్నాడు" అని అయ్యగారు పలికినప్పుడు "నిజముగా లేచియున్నాడు" అని అందరితో పాటు నేనూ గొంతెత్తి అన్నాను. అయితే అదే సమాధికి అవతలి వైపు నా తమ్ముడు నిలబడి ఉన్నాడు, మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. నాన్నగారి ఇంటి పై అంతస్తులోని రెండు గదుల విషయమై మాకు మాటలు లేక ఏడు నెలలయింది. ఆ గదులు నాకు అవసరమని కాదు, వాడి ముందు నేను ఓడిపోకూడదన్న పట్టుదల నన్ను వదలడం లేదు. దీనితో పాటు, రాత్రివేళ అందరూ నిద్రపోయిన తరువాత ఫోనులో చూడకూడనివి చూసే అలవాటు ఒకటి ఎన్నో సంవత్సరాలుగా నన్ను పట్టుకొని ఉన్నది. ఇక్కడ నా పేరు ఎవరికీ తెలియదు గనుక దాచకుండా రాస్తున్నాను.

ప్రతి ఉదయం ప్రార్థనలో "నేను దినదినమును చనిపోవుచున్నాను" అన్న అపొస్తలుడైన పౌలు మాటను నా మాటగా చెప్పుకుంటాను. సాయంత్రానికి చూసుకుంటే నాలో ఏదీ చచ్చినట్టు కనిపించదు. కాబట్టి నా ప్రశ్న ఇది: పునరుత్థానం, అంటే చనిపోయినవారు తిరిగి లేవడం అనేది, సమాధి దగ్గర మనకు ఆదరణ ఇచ్చే భవిష్యత్తు సంగతి మాత్రమేనా, లేక ఈ రోజు నా కోపంతోనూ నా కోరికతోనూ నేను చేసే పోరాటానికి దానితో నిజమైన సంబంధం ఏదైనా ఉన్నదా? ఉంటే అది ఏమిటో వాక్యం నుంచి వివరించగలరని మనవి.

జవాబు: సికింద్రాబాదు బైబిలు తరగతి పెద్ద

సహోదరుడా, ప్రభువు మీ కుటుంబాన్ని ఆదరించును గాక. మీరు ప్రతి ఉదయం చెప్పుకుంటున్న వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మనలో చాలామందిమి దానిని ఉన్న చోటు నుంచి విడదీసి వాడుకుంటున్నామని నా అభిప్రాయం.

ఆ మాట 1 కొరింథీయులకు 15వ అధ్యాయం 31వ వచనంలో ఉన్నది. దానికి ముందు వచనంలో పౌలు, మేము గడియగడియకు ప్రాణభయంతో ఎందుకు ఉండాలి అని అడుగుతున్నాడు. తరువాతి వచనంలో ఎఫెసులో మృగములతో పోరాడిన సంగతి ఎత్తుతున్నాడు. కొరింథు సంఘానికి రాసిన ఈ పత్రికను, అంటే ఈ ఉత్తరాన్ని, ఆయన ఎఫెసులో ఉండగానే రాశాడని 16వ అధ్యాయం చూస్తే తెలుస్తుంది. అంటే ఇక్కడ "చనిపోవుచున్నాను" అన్నది మొదటగా పాపేచ్ఛల చావును గురించి కాదు, సువార్త నిమిత్తం ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తిరుగుతున్న ఒక మనిషి తన రోజువారీ బ్రతుకును గురించి చెప్పిన మాట. మృతులు లేపబడకపోతే నాకు ఇదంతా ఎందుకు అన్నది ఆయన వాదన.

అయినా మీరు అడిగిన సంబంధం సరిగ్గా అక్కడే ఉన్నది. మృతులు లేపబడనియెడల "రేపు చనిపోదుము గనుక తిందము త్రాగుదము" అన్నదే మిగులుతుందని పౌలు అంటాడు. ఇది ఆయన సొంత మాట కాదు, యెషయా 22:13లోనిది. అక్కడ యెరూషలేము ముట్టడి ముప్పులో ఉన్నది, దేవుడు ప్రజలను ఏడ్వమనీ గోనెపట్ట కట్టుకొమ్మనీ పిలుస్తున్నాడు, వారేమో ఎడ్లను కోసి విందు చేసుకుంటున్నారు. వారి సంతోషం వెనుక ఉన్నది ఇక రేపు లేదన్న నిరాశే. రేపు మీద నమ్మకం పోయిన చోట కోరిక వచ్చి సింహాసనం మీద కూర్చుంటుందని పౌలు గ్రహించాడు. అందుకే పునరుత్థానాన్ని గురించి అంతసేపు వాదించిన వాడు 34వ వచనంలో, మేల్కొనండి, పాపము చేయకండి అని హఠాత్తుగా ఆజ్ఞాపిస్తాడు. మనకు అది సంబంధం లేని మాటలా వినిపిస్తుంది. ఆయనకు అది వాదన చేరవలసిన చోటు.

ఇదే పత్రిక 6వ అధ్యాయంలో జారత్వాన్ని గురించి మాట్లాడేటప్పుడు కూడా ఆయన పునరుత్థానాన్నే కారణంగా చూపిస్తాడు. ఆహార పదార్థాలూ కడుపూ నశించిపోయేవి గనుక శరీరంతో ఏమి చేసినా ఒకటే అన్నది కొరింథులో కొందరి ఆలోచనగా కనిపిస్తుంది. పౌలు దానికి ఒప్పుకోలేదు. దేహము ప్రభువు నిమిత్తమే, ప్రభువు దేహము నిమిత్తమే అని చెప్పి, వెంటనే, దేవుడు ప్రభువును లేపాడు, మనలను కూడా లేపుతాడు అంటాడు. మీ ఫోను సంగతికి ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు. మీ కళ్ళు పారవేయబడేవి కావు, లేపబడేవి. మీ తాతగారి ఎముకలను ఆ పెద్దాయన విసిరివేయకుండా గుడ్డలో చుట్టి ఎందుకు భద్రపరిచాడో, మీరు మీ కళ్ళను ఎందుకు కాపాడుకోవాలో, రెండింటికీ కారణం ఒక్కటే.

ఈ వాక్యాన్ని ఇచ్ఛల విషయంలో అన్వయించడం తప్పని నేను అనడం లేదు. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో జీవించిన భక్తుడు అంతోని తన శిష్యులకు ఇదే వచనాన్ని బోధించాడు. ఉదయం లేచినప్పుడు సాయంత్రం దాకా ఉండబోమన్నట్టు, పడుకునేటప్పుడు మళ్ళీ లేవబోమన్నట్టు తలచుకుంటే పాపం చేయము, దేనినీ ఆశించము, ఎవరి మీదా కోపం నిలుపుకోము అన్నది ఆయన ఉద్దేశం. మంచి బోధే. కానీ మరణాన్ని తలచుకోవడం మాత్రమే సరిపోతుందా? రేపు చనిపోతామన్న తలంపే ఒకనిని ప్రార్థనకు నడిపిస్తే మరొకనిని విందుకు నడిపిస్తుందని ఇప్పుడే చూశాము. ఆ రెండింటి మధ్య తేడా తెచ్చేది మరణం కాదు, దాని అవతల ఏమున్నదని మనం నమ్ముతున్నామన్నది.

ఇచ్ఛల చావును పౌలు నేరుగా బోధించినది రోమా 6, 8 అధ్యాయాలలోనూ కొలొస్సయులకు 3వ అధ్యాయంలోనూ. రోమా 6:11లో పాపము విషయమై మృతులుగా మిమ్మును మీరే "ఎంచుకొనుడి" అన్న చోట ఉన్న గ్రీకు క్రియ లెక్కల పుస్తకంలో జమ వేసేటప్పుడు వాడే మాట. ఉన్నదానిని ఉన్నట్టు లెక్క రాయడమే గాని, లేనిదానిని ఊహించుకోవడం కాదు. క్రీస్తు మరణం నా ఖాతాలో జమ అయింది, నేను దానిని ఒప్పుకొని బ్రతకాలి. ఇక 8:11, 8:13 వచనాలను ఒకే ఊపిరిలో చదవండి. యేసును లేపిన దేవుని ఆత్మ చావునకు లోనైన మీ శరీరములను కూడా జీవింపజేస్తాడని మొదటిది చెబుతుంది. ఆ ఆత్మ చేతనే శారీర క్రియలను చంపితే జీవిస్తారని రెండవది చెబుతుంది. అంటే మీ నాన్నగారిని నారాయణగూడలో నుంచి లేపబోయే ఆత్మే ఈ రాత్రి పదకొండు గంటలకు మీ గదిలో మీతో ఉన్నాడు.

కొలొస్సయులకు 3లో వరుస గమనించండి. మీరు మృతిపొందారు, మీ జీవం క్రీస్తుతో కూడ దేవునియందు దాచబడి ఉన్నది, ఆయన ప్రత్యక్షమైనప్పుడు మీరూ మహిమలో ప్రత్యక్షమవుతారు, "కావున" మీ అవయవములను చంపివేయుడి. ఆ "కావున" అన్న మాటలోనే మీ ప్రశ్నకు జవాబు ఉన్నది. మనం చంపితే దేవుడు లేపుతాడని కాదు. ఆయన లేపాడు, లేపుతాడు, కావున మనం చంపగలము.

చివరిగా, "ఏదీ చచ్చినట్టు కనిపించదు" అన్నారు. గలతీయులకు 5:24 క్రీస్తు సంబంధులు శరీరాన్ని దాని ఇచ్ఛలతో సహా సిలువ వేసియున్నారని చెబుతుంది. సిలువ మరణం వెంటనే వచ్చేది కాదు. యేసు అంత త్వరగా చనిపోయాడని విని పిలాతు ఆశ్చర్యపడ్డాడని మార్కు రాశాడు. మేకులు కొట్టిన తరువాత కూడా కోరిక చాలాసేపు అరుస్తుంది, బ్రతిమాలుతుంది. అది అరిచినంత మాత్రాన మీ పోరాటం అబద్ధమని అనుకోవద్దు. దానిని కిందికి దించకుండా ఉండడమే మీ పని.

జవాబు: మల్కాజిగిరి సహోదరుడు

వందనాలు అన్నా. ఇంత వివరణ అవసరం లేదని నాకు అనిపిస్తున్నది. ఇరవై ఒక్క రోజులు ఉపవాస ప్రార్థన చేయండి, ఫోను పక్కన పెట్టేయండి, నేల మీద పడుకోండి, శరీరాన్ని లొంగదీయండి. నేను అలా చేసే బయటపడ్డాను. శరీరాన్ని బాధపెడితే గాని ఆశలు చావవు.

జవాబు: ఆదివారపు బడి టీచరు, తార్నాక

రాంనగర్ అన్నగారికి వందనములు.

మల్కాజిగిరి సహోదరుడు తన అనుభవాన్ని నిజాయితీగా చెప్పారు, ఉపవాసం మంచిదే, నేనూ చేస్తాను. కానీ ఆయన చివరి వాక్యాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను, ఎందుకంటే కొలొస్సయులకు 2వ అధ్యాయం చివరి వచనం సరిగ్గా దానినే కాదంటుంది. దేహశిక్ష జ్ఞానంలా కనిపించినా శరీరేచ్ఛలను అణచే విషయంలో దానికి విలువ లేదని అక్కడ స్పష్టంగా ఉన్నది. ఆకలితో ఉన్న శరీరం కూడా గర్వపడగలదు. నలభై రోజులు ఉపవాసం ఉండి, ఆ నలభై రోజులూ కోడలితో మాట్లాడకుండా ఉన్నవారిని మా సంఘంలోనే చూశాను.

నేను చెప్పదలచినది వేరే సంగతి. మన తెలుగులో "మనసు చంపుకోవడం" అన్న మాట ఒకటి ఉన్నది. ఇష్టం లేకపోయినా సర్దుకొని, లోపల కోరికను అణచుకొని, బయటికి ఏమీ అనకుండా బ్రతకడం అని దానికి అర్థం. "చచ్చినట్టు చేస్తాడు" అంటే వేరే దారి లేక చేస్తాడని. ఈ మాటలు మన చెవుల్లో పుట్టుకతో ఉన్నాయి గనుక, "దినదినము చనిపోవడం" అని వినగానే మనకు ముందుగా ఈ అర్థమే తడుతుంది. విశ్వాసి అంటే మనసు చంపుకొని చచ్చినట్టు పడి ఉండేవాడని అనుకుంటాము. ఈ పొరపాటు చిన్నది కాదు. భర్త చేతి దెబ్బలు తింటూ సలహా కోసం పెద్దల దగ్గరికి వెళ్ళిన ఒక సహోదరికి "నీ సిలువ ఎత్తుకో, నీకు నువ్వు చనిపో" అని చెప్పి పంపించడం నేను నా చెవులతో విన్నాను. ఆమెను అలా పంపిన రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఆమెలో చావవలసిన పాపేచ్ఛ ఏదీ అక్కడ లేదు. చావవలసినది ఆ ఇంట్లోని మరొకరి క్రూరత్వం. ఒకరి పాపాన్ని మరొకరు మోసి, దానికి సిలువ అని పేరు పెట్టుకోవడం సువార్త కాదు.

ఇంకో మాట చూడండి. తెలుగులో "ఆశ" రెండు వైపులా పదునున్న మాట. పిల్లవాడు బాగుపడతాడని ఆశ, పక్కవాడి పొలం మీద ఆశ, రెండింటికీ అదే పదం. బైబిలును తెలుగులోకి తెచ్చినవారు చాలా చోట్ల ఈ రెంటినీ విడదీసి, చెడ్డదానిని దురాశ అనీ ఇచ్ఛ అనీ రాశారు, మంచిదానికి "నిరీక్షణ" అన్నారు. బయట నిరీక్షణ అంటే ఎదురుచూపు. బస్‌స్టాపులో నిలబడి వచ్చే బస్సు కోసం రోడ్డు చివరి దాకా చూడడం. సంఘంలో మనం ఆ మాటను ఎంతగా వాడామంటే, అందులో చూపు ఉన్నదన్న సంగతే మరచిపోయాము. నా తరగతిలో పిల్లలకు నేను ఇలా చెబుతాను: నీ కళ్ళు ఎటు చూస్తున్నాయో నీ కాళ్ళు అటే వెళతాయి. 1 యోహాను 3:3 అదే అంటుంది. ఆయనయందు ఈ నిరీక్షణ పెట్టుకొన్న ప్రతివాడూ ఆయన పవిత్రుడైయున్నట్టుగా తన్ను తాను పవిత్రునిగా చేసుకుంటాడు. అక్కడ ముందుగా వచ్చినది నిరీక్షణ, పవిత్రత దాని వెంట వచ్చినది.

కాబట్టి అన్నగారూ, మీలో కోరికలు ఉండడం చావవలసిన సంగతి కాదు. తమ్ముడితో కలిసి అన్నం తినాలన్న కోరిక కూడా మీలో ఉన్నదని, ఆ సమాధి దగ్గర జరిగిన దానిని గురించి మీరు రాసిన వాక్యాలు చదివితేనే తెలుస్తున్నది. గెలవాలన్న కోరిక దానిని నొక్కి పట్టి ఉంచింది. ఒకటి చావకపోతే రెండవది లేవదు. గోధుమగింజను గురించి ప్రభువు చెప్పినప్పుడు, అది చావకపోతే "ఒంటిగానే యుండును" అన్నాడు. ఆ "ఒంటిగా" అన్న మాట దగ్గర కాసేపు ఆగి చూడండి. పట్టుదల వదలనివాడు చివరికి రెండు గదులలో ఒక్కడే ఉంటాడు.

జవాబు: గుంటూరు లూథరను, ప్రస్తుతం ఉప్పల్

అక్కయ్య చెప్పిన మాటకు ఆమెన్. నేను లూథరను కుటుంబంలో పుట్టినవాడిని, మా ముత్తాతల కాలం నుంచీ మా ఇంట్లో మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం ఉన్నది. చిన్నప్పుడు అర్థం తెలియకుండానే కంఠస్థం చేయించారు. అందులో బాప్తిస్మమును గురించిన భాగంలో ఒక ప్రశ్న ఉన్నది: నీళ్ళతో ఇచ్చే ఈ బాప్తిస్మము దేనిని సూచిస్తుంది? మనలోని పాత ఆదాము, అంటే మన పాప స్వభావం, అనుదిన పశ్చాత్తాపం చేత మునిగి, సకల పాపాలతోనూ దురాశలతోనూ చావాలనీ, నిత్యం దేవుని యెదుట జీవించే కొత్త మనిషి అనుదినం బయటికి వచ్చి లేవాలనీ అక్కడి జవాబు సారాంశం. దానికి ఆధారంగా రోమా 6:4ను చూపించాడు.

ఆ జవాబులో నాకు ఎంతో ధైర్యం ఇచ్చిన సంగతి, అందులో "అనుదినం" అన్న మాట చావుకూ ఉన్నది, లేవడానికీ ఉన్నది. మనం చనిపోవడాన్ని మాత్రమే దినదినం చేసి, లేవడాన్ని చివరి దినానికి వాయిదా వేసుకున్నాము. రాంనగర్ అన్నా, మీరు ప్రతి ఉదయం "చనిపోవుచున్నాను" అని అంటున్నారు గానీ, "ఆయనతో లేపబడియున్నాను" అని అనడం లేదేమో చూసుకోండి. సగం వాక్యంతో రోజు మొదలుపెడితే రోజంతా శవాన్ని మోసినట్టే ఉంటుంది.

ఫోను సంగతి గురించి ఒక్క మాట, ఎందుకంటే నేనూ ఆ గోతిలో చాలా కాలం ఉన్నవాడినే. నాకు ఒంటరిగా విడుదల దొరకలేదు. యాకోబు 5:16లో మీ పాపములను ఒకనితో ఒకడు ఒప్పుకొనుడి అని ఉన్నది. నేను సంఘంలో నమ్మదగిన ఒక పెద్దన్నతో చెప్పుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాను, నిజంగా నాలో ఏదో చచ్చింది కూడా. రహస్యంగా ఉన్నంతకాలం బలంగా ఉన్నది వెలుగులోకి వచ్చాక బలహీనపడింది. ఇప్పుడు రాత్రి పది దాటితే నా ఫోను మా ఆవిడ దగ్గర ఉంటుంది. పడిన రోజులు లేవని చెప్పను. పడిన రోజున మా అన్నకు ఫోను చేస్తాను, ఆయన తిట్టడు, ప్రార్థన చేసి "రేపు పొద్దున లేస్తావు" అంటాడు.

రాంనగర్ విశ్వాసి

అందరికీ హృదయపూర్వక వందనములు. ఈ పది రోజులుగా మీ మాటలను చాలాసార్లు చదివాను. బైబిలు తరగతి పెద్దగారు చూపించిన "కావున" అన్న మాట కింద నా బైబిలులో గీత గీసుకున్నాను. ఉప్పల్ సహోదరుడు చెప్పినది నిజమే, నా ఉదయ ప్రార్థనలో లేవడం ఎక్కడా లేదు. మల్కాజిగిరి సహోదరుని మాటను కూడా నేను తోసివేయలేదు. శుక్రవారం ఉపవాసం ఉన్నాను, కానీ ఈసారి శరీరాన్ని శిక్షించడానికి కాదు, ఒక పని చేయడానికి ధైర్యం అడగడానికి.

ఫోను సంగతి మా సంఘ కాపరితో చెప్పుకున్నాను. దానిని గురించి ఇంతకంటే ఇక్కడ రాయను.

తమ్ముడి విషయంలో జరిగినది చెప్పాలి. నాన్నగారి సమాధికి రాయి వేయించడం ఇంకా మిగిలి ఉన్నది. రాతి పనివాడు ఏమి చెక్కాలో రాసి ఇవ్వమన్నాడు. నేను కాగితం మీద తాతగారి పేరు, నాన్నగారి పేరు రాసి, కింద అమ్మ కోసం చోటు వదలమని రాశాను. ఆ తరువాత చెయ్యి ఆగిపోయింది. ఆ గోతిని మళ్ళీ తెరిస్తే, అమ్మ తరువాత అందులోకి వెళ్ళేది నేనో, తమ్ముడో. నా ఎముకలూ వాడి ఎముకలూ ఒకే గుడ్డలో మూటగట్టి ఒకే మూలన పెట్టే రోజు ఒకటి వస్తుంది. చివరి దినాన బూర మోగినప్పుడు ఆ ఒక్క గోతిలో నుంచే మేమిద్దరం లేవాలి. అప్పుడు ముఖం ఎటు తిప్పుకుంటాను? టీచరక్కయ్య అన్న "ఒంటిగా" అన్న మాట అప్పుడు నాకు తగిలింది. అది భయం కాదు, ఆ ఉదయం వాడి పక్కన లేవాలని నాకు నిజంగా ఉన్నదని అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి తమ్ముడికి సందేశం పంపాను. పై అంతస్తు వాడే తీసుకోవచ్చనీ, కాగితాలు ఎప్పుడు రాయించమంటే అప్పుడు వస్తాననీ, రాయి మీద ఏ వాక్యం చెక్కించాలో వాడే చెప్పాలనీ రాశాను. సందేశం చూశాడు. ఐదు రోజులయింది, ఇంకా జవాబు లేదు. పంపిన మరుసటి రోజే, "ఎందుకు వదులుకున్నావు, తప్పు వాడిది కదా" అని నా మనసు మళ్ళీ మొదలుపెట్టింది. మేకులు కొట్టాక కూడా అరుస్తుందని పెద్దగారు రాసినది అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు ఒక సందేహం మిగిలింది. ఈ ఆదివారం మా సంఘంలో ప్రభువు బల్ల, అంటే ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకొంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే ఆరాధన, ఉన్నది. అర్పణము విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పాడు. తమ్ముడు ఇంకా జవాబు ఇవ్వలేదు గనుక నేను బల్లలో పాలు పొందవచ్చునా, లేక ఆగాలా?

జవాబు: సికింద్రాబాదు బైబిలు తరగతి పెద్ద

బాబూ, పాలు పొందు. వెళ్ళమని ప్రభువు చెప్పిన చోటికి నువ్వు వెళ్ళావు. అవతలివాడు తలుపు తీసేదాకా నీ భోజనం ఆపమని ఆయన చెప్పలేదు. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండమని రోమా 12:18 అంటుంది. నీ చేతనైనది చేశావు. మనసు మళ్ళీ లెక్కలు తీస్తే, ఆ మాటను తిరిగి తీసుకోకుండా ఉండడం ఆ రోజుకు నీ వంతు చావు అనుకో.

ఒక్క మాట మాత్రం మరచిపోకు. నువ్వు గదులు ఇచ్చావు గనుక తమ్ముడు వెంటనే మెత్తబడాలని ఎదురుచూస్తే, అది కూడా గెలవాలన్న కోరికే మరో వేషంలో వచ్చినట్టు. వాడికి సమయం ఇవ్వు. ప్రతి రోజూ వాడి పేరు పెట్టి ప్రార్థన చెయ్యి. బల్ల దగ్గర రొట్టె చేతికి తీసుకున్నప్పుడు "ప్రభువు వచ్చువరకు ఆయన మరణమును ప్రచురించుదురు" అన్న వాక్యం చదువుతారు. అందులో మరణమూ ఉన్నది, రాకడా ఉన్నది. ఆ రెండింటి మధ్య ఉన్న ఈ రోజుల్లో నువ్వు నీ తమ్ముడి కోసం ఓపికతో కనిపెట్టుకొని ఉండు.

రాయి పని ఆపవద్దు. వాక్యం కోసం చోటు వదిలిపెట్టి, పేర్లు ముందుగా చెక్కమని చెప్పు.

రాంనగర్ విశ్వాసి

అలాగే అయ్యా. పేర్లు ముందుగా చెక్కమని, వాక్యానికి రెండు వరుసల చోటు వదలమని ఈ ఉదయం చెప్పి వచ్చాను.